ఆళ్ళగడ్డ నుంచి వచ్చే నంబరు

ఫిబ్రవరి 15, శనివారం

పూర్ణిమ పొద్దున తిరుపతి నుంచి వచ్చింది, వాళ్ళ నాయన చేతికి ఆ బిళ్ళ అతికించింది, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. కూతురు వచ్చిందన్న సంతోషం కూడా నాకు నిలవలేదు. బిళ్ళ తెల్లగా, పెద్ద కోటు బొత్తామంత ఉంది. దాని కింద వెంట్రుకంత సూది రెండు వారాలు ఒంట్లోనే ఉండిపోతుందట. షుగరు ఎంతుందో ఆ బిళ్ళ ఆయన ఫోనుకు పంపుతుంది, ఆయన ఫోను నా ఫోనుకు పంపుతుంది. పూటపూటకీ వేలు గుచ్చి రక్తం తీసే బాధ లేదు.

"నాయన ఫోను నాయన దగ్గరే ఉండాల. ఇరవై అడుగులు దాటితే అందదు," అని పూర్ణిమ ఇద్దరికీ చెప్పింది. నేను తలూపాను. ఆయన మాత్రం బిళ్ళను గోటితో తట్టి చూసుకుంటున్నాడు, రాయి కొనేముందు తట్టి చూసినట్టు.

"పన్నెండేండ్ల నుంచి నా చెక్కెర నా ఒంట్లోనే ఉండె. ఇంగ మీ అమ్మ చేతిలోకి పోయె," అన్నాడు.

పూర్ణిమ నవ్వింది. నేను నవ్వలేదు. మొన్న పరీక్షలో వచ్చిన అంకె చూసి డాక్టరు పెట్టిన మొహం నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది.

ఫిబ్రవరి 17, సోమవారం

సోమవారం ఆయనకు ఒక్కపొద్దు. పెళ్ళైనప్పటి నుంచీ చూస్తున్నాను, శివుడి పేరు చెప్పి పగలంతా మంచినీళ్ళు తప్ప ముట్టడు. నంబరు కూడా బుద్ధిగా నూట నలభై దగ్గరే ఉంది. చీకటి పడగానే ఒక్కసారిగా రెండొందల తొంభై. ఆయన ఆళ్ళగడ్డ బస్సు దిగి ఇంటికి రాగానే అడిగాను, ఏం తిన్నావని.

"గాలి తింటి," అన్నాడు.

చొక్కా జేబు మీద బజ్జీల నూనె మరక ఉంది. గాలికి మరకలుండవు.

ఫిబ్రవరి 20

మూడొందల పది. ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను.

ఫిబ్రవరి 22, శనివారం

పెద్ద గొడవ. విత్తన పరీక్షల ల్యాబులో తడి కాగితం విప్పి శనగ మొలకలు చూసుకుంటున్నాను, ఫోను కూసింది. మూడొందల ముప్పై. వెంటనే చేశాను. ఆయన ఎత్తి ఏదో నొక్కాడు, నా గొంతు అక్కడున్న అందరికీ వినబడింది. బండి ఆత్మకూరు దగ్గరి పల్లె నుంచి గుడి కమిటీ వాళ్ళు చౌడమ్మ విగ్రహం గురించి మాట్లాడటానికి ఆళ్ళగడ్డలో ఆయన విగ్రహాలు చెక్కే షెడ్డుకు వచ్చారట. వాళ్ళ ముందు నేను అడిగింది, "ఏం మింగినావు మళ్ళా?" అని.

ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టాడు.

"నా ఒంట్లో పోలీస్ టేషన్ పెట్టినావు గదమే! ఇంత వయసొచ్చిన మనిషిని, నలుగురు పెద్దమనుషుల ముందర మింగినావా అంటివి. వాళ్ళు తెచ్చిన పొంగలి, వద్దంటే బాగుంటాదా?"

"తిన్నావా లేదా?"

"తింటి! నీకు ముందే తెలుసు గదా, మళ్ళా నన్ను అడిగేదేందీ?"

నాకూ కోపం వచ్చింది, చాలా మాటలన్నాను. అవన్నీ రాయను. ఈ మనిషి లేకుండా బతకడం నాకు చేతకాదు, ఆ మాట ఒక్కటే చెప్పుంటే సరిపోయేది. దాన్ని వదిలేసి మిగిలినవన్నీ అన్నాను.

ఫిబ్రవరి 27, గురువారం

శివరాత్రి జాగరణ కళ్ళతోనే పొద్దున కూర్చోబెట్టి చెప్పాడు. చౌడమ్మ మూలవిగ్రహానికి దీక్ష పడుతున్నాడట, మండలం రోజులు. ఏప్రిల్ పదో తేదీన అమ్మవారికి కళ్ళు చెక్కి తెరిపించే దాకా ఇంటికి రాడు. వాళ్ళ వంశంలో ఇది మామూలే. గోడకు పెట్టే బొమ్మలకు ఏమీ లేదు, గర్భగుడిలో కూర్చునే విగ్రహానికి మాత్రం చెప్పులు లేకుండా, నేల మీద పడుకుని, ఒంటి పూట తన చేత్తో వండుకుని తిని చెక్కాలి. భార్య మొహం చూడకూడదు. ఒంటి నుంచి నెత్తుటి చుక్క పడితే ఆ రోజు ఉలి దించేసి స్నానం చేయాలి. వాళ్ళ నాయన అట్లాగే చేశాడు, ఆయన నాయన అట్లాగే చేశాడు.

నాకు ముందు తోచింది ఒకటే. "మరి సూది? ఇన్సులిన్ రెండు పూటలా పొడుచుకోవాల గదా. బిళ్ళ మాటేందీ?"

"మందు సూది లెక్కలోకి రాదులే."

"ఎవరు చెప్పినారు?"

"నేనే చెప్తాండా. స్థపతిని నేనా, నువ్వా?"

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటాడనుకోలేదు. బుర్రలో దాచుకున్న వాదనలన్నీ నాకు అట్లాగే మిగిలిపోయాయి.

మార్చి 1, శనివారం

వెళ్ళాడు. పాత బిళ్ళ గడువు ఈ రోజుతో సరి. తీసేసి, కొత్తది డబ్బాతో సహా సంచిలో పెట్టాను. "షెడ్డులో స్నానం జేసినాక వేసుకుంటా," అన్నాడు. ఇన్సులిన్ పెన్నులు రెండు, మాత్రలు, రాగిపిండి, కొర్రలు. దీక్షలో ఫోను ముట్టడట, అందుకని అది దేవసహాయం దగ్గర ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా విగ్రహాలకు నునుపు పెట్టేది దేవసహాయమే. ఆయన చెక్కేది తడికెల లోపల, దేవసహాయం పనిచేసేది తడికెలకు ఇవతల. ఇరవై అడుగులు కూడా ఉండదు, నేను చూశాను.

గుమ్మం దాటాక వెనక్కి తిరిగి, "ఇంగ నిమ్మళంగా నిద్రపో," అన్నాడు. వెటకారం అనుకున్నాను. మొహం చూస్తే వెటకారంగా లేదు.

మధ్యాహ్నం నంబరు వచ్చింది. నూట పద్దెనిమిది.

మార్చి 3, సోమవారం

నూట నాలుగు. నూట పది. తొంభై ఎనిమిది. నేను కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. దీక్ష అంటే ఇదీ! ఒంటి పూట కొర్రన్నం, రోజంతా పని, నోటికి తాళం. నేను పదేళ్ళు అరిచినా కానిది చౌడమ్మ మూడు రోజుల్లో చేసి పెట్టింది.

ఒకటే అర్థం కాలేదు. మధ్యాహ్నం అన్నం తిన్నట్టు ఫోనులో గీత పైకి లేచి దిగింది. సోమవారం కదా. దీక్షలో ఒంటి పూట భోజనం రోజూ ఒకే వేళకు చేయాలేమో, దానికి ఒక్కపొద్దు వర్తించదేమో.

మార్చి 7, శుక్రవారం

ఈ రోజు గీత నేల మీద గీసినట్టు ఉంది, సాయంత్రం దాకా లేవలేదు. శుక్రవారం అమ్మవారి రోజు, ఉపవాసం పట్టినట్టున్నాడు. సోమవారాన్ని శుక్రవారానికి మార్చుకున్నాడన్నమాట. చౌడమ్మ కోసం శివుణ్ణి కూడా పక్కన పెట్టేశాడు, గట్టివాడే. ల్యాబులో సుష్మకు ఫోను చూపించాను. "అక్కా, మీ ఆయనకు షుగరుందని ఎవరు చెప్పినారు?" అంది. ఆ పిల్లకు నా కాఫీ కూడా ఇచ్చేశాను.

మార్చి 9, ఆదివారం

మధ్యాహ్నం రెండింటికి నూట డెబ్బై. ఎవరో భక్తులు చిత్రాన్నమో ఏదో తెచ్చి ఉంటారు. ఫోను చేయలేదు. ఆ ఘనత నాదే.

మార్చి 12, బుధవారం

డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను. ఫోనులోని గీతలన్నీ ముందుకూ వెనక్కూ జరిపి చూశాడు.

"ఇది ఆయనదేనా?" అన్నాడు.

"ఇంకెవరిది సార్?"

"చాలా బాగుంది. ఇంత బాగుంటే ఇన్సులిన్ తగ్గించాలి, లేకపోతే షుగరు పడిపోతుంది. రాత్రి డోసు ఆపేయండి, పొద్దుటిది సగం చేయండి. కానీ ఒకసారి మనిషిని తీసుకురండి. రక్తపరీక్ష చేయించాలి, కాళ్ళు చూడాలి."

దీక్ష సంగతి చెప్పాను. డాక్టరుకు నచ్చలేదు. "ఆళ్ళగడ్డలో ల్యాబులు లేవా? అక్కడే రక్తం ఇమ్మనండి," అన్నాడు.

రక్తం ఇస్తే పని ఆపి స్నానం చేయాలి, అదో గొడవ. ఏప్రిల్ పది తర్వాత ఎటూ వస్తాడు. ఇన్సులిన్ తగ్గించమన్నాడన్న మాట మాత్రం బస్టాండు దాకా నడుస్తూ నాలో నేనే చెప్పుకున్నాను. పూర్ణిమకు ఫోను చేసి చెప్పాను. దేవసహాయానికి చేసి చెప్పాను.

"విన్నావా, దేవసహాయం?"

"విన్యా వదినా. అన్నకు చెప్తా."

సంతోషమైన మాట చెబితే సంతోషించడం కూడా రాదు ఈ మగవాళ్ళకు.

మార్చి 15, శనివారం

కొత్త బిళ్ళలు రెండు ఇవ్వడానికి ఆళ్ళగడ్డ వెళ్ళాను. మొహం చూడకూడదు కానీ మాట వినకూడదని ఎక్కడా లేదు. తడికెల ఇవతల దేవసహాయం బల్ల మీద కూర్చున్నాను. రాతిపొడి మందంగా పేరుకుని ఉంది, కొంగుతో తుడిస్తే కొంగు తెల్లబడింది. దేవసహాయం ఈ ఎండలో కూడా పొడుగు చేతుల చొక్కా వేసుకుని ఉన్నాడు. దుమ్ముకని అన్నాడు.

లోపల ఉలి చప్పుడు ఆగింది.

"వస్తివా?"

"వస్తి. గొంతేందీ అట్లుంది?"

"దుమ్ము."

"మాత్రలేసుకుంటాండావా?"

"వేసుకుంటాండా. నీ ఫోను ఏమంటాంది?"

"నూట ఆరు."

"మరింగేం? దాన్ని చూసుకుంటా ఉండు. నన్ను చూసి ఏం జేస్తావ్," అని నవ్వాడు. నవ్వు చివర దగ్గొచ్చింది. నీళ్ళు తాగిన చప్పుడు వినబడింది, చెంబు నింపిన చప్పుడు, మళ్ళీ తాగిన చప్పుడు. ఉన్న కాసేపట్లో ఎన్నిసార్లు తాగాడో. మార్చి ఎండ, ఆళ్ళగడ్డ ఎండ, రాతి పని. నేనూ రెండు చెంబులు తాగాను.

వచ్చేటప్పుడు తడికెల సందులో వీపు కనబడింది. చూడకూడదు, చూశాను. రెక్కల ఎముకలు బయటికొచ్చాయి. వాళ్ళ నాయన దీక్ష పట్టినప్పుడు కూడా అట్లాగే చిక్కిపోయేవాడట. నంబరు బాగుండాలంటే ఒళ్ళు తగ్గాలనే కదా డాక్టరు పన్నెండేళ్ళుగా చెబుతున్నది.

మార్చి 18, మంగళవారం

ల్యాబులో సుష్మ రెండు సంచుల చీట్లు తారుమారు చేసింది. మంచి విత్తనం చీటీ పుచ్చు విత్తనం సంచికి కట్టింది. నేను మొలకలు చూసి పట్టుకున్నాను. "పైన చీటీ చూసి లోపలిది నమ్మితే మనమెందుకు ఈడ?" అని నలుగురిలో కసిరాను. పాపం, కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నూట రెండు.

మార్చి 21, శుక్రవారం

ఉపవాసం. గీత నేల మీదే.

మార్చి 23, ఆదివారం

మధ్యాహ్నం నూట ఎనభై. ఆదివారాలే ఎందుకో. సెలవు రోజు కాబట్టి భక్తులు ఎక్కువ వస్తారు, అంతే.

మార్చి 27, గురువారం

దేవసహాయం తనంతట తానే ఫోను చేశాడు. ఎప్పుడూ చేయడు.

"వదినా, అన్న కాలికి రాతి పెళ్ళ గుచ్చుకునింది."

"ఎప్పుడు?"

"పది దినాలయితాంది. అన్నకు తెలీనే లేదు, నేనే జూస్తి. పసుపు పెట్టుకుంటాండాడు. వాసనొస్తాంది వదినా."

"నెత్తురొచ్చిందా? పని ఆపినాడా?"

"నెత్తురు రాలేదు."

నెత్తురు రాకపోతే పెద్ద దెబ్బ కాదు. రోజూ ఉప్పునీళ్ళతో కడిగి మందు రాయమన్నాను, ఆ మందు పేరు రెండుసార్లు చెప్పాను. షుగరు అదుపులో ఉంటే పుండు దానంతట అదే మానుతుంది, డాక్టరే చెప్పాడు. నంబరు నూట ఎనిమిది. నూట ఎనిమిది ఉన్న మనిషికి పుండు మానక ఏం చేస్తుంది?

ఫోను పెట్టేశాక కూడా అది చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. గీత చూస్తే ధైర్యంగా ఉంటుంది. పూజగదిలోకి కూడా తీసుకెళ్తున్నాను ఈ మధ్య.

మార్చి 30, ఆదివారం. ఉగాది

ఒక్కదానికే పచ్చడి. ఆయనకు పంపకూడదు, అయినా చేశాను. పండుగ పూట ఒక మాట చెప్పించమని పదకొండు గంటలప్పుడు దేవసహాయానికి ఫోను చేశాను. వెనక పాటలు, చప్పట్లు, డోలకు. వాళ్ళ ఊరి చర్చిలో ఉన్నాడు.

"నువ్వు షెడ్డులో లేవా?"

"ఆదివారం గదా వదినా."

"మరి ఆయన ఫోను?"

"మర్చిపోయి జోబిలో పెట్టుకుని వస్తి. బేగా పోతాలే వదినా," అన్నాడు.

పెట్టేసి నంబరు చూశాను. నూట పన్నెండు. కాసేపటికి నూట పద్నాలుగు. మళ్ళీ కాసేపటికి నూట పన్నెండు.

వాళ్ళ ఊరికీ షెడ్డుకూ మధ్య రెండు చెరుకు తోటలు, ఒక వాగు. అంత దూరం అందుతుందేమో. రోజురోజుకీ సిగ్నల్ మెరుగవుతోంది అంటారు. పూర్ణిమను అడుగుదామనుకున్నాను. పండుగ పూట దానికేం పనులున్నాయో ఏమో.

పచ్చడిలో బెల్లం తక్కువైంది. తినలేకపోయాను.

మార్చి 31

పూర్ణిమను అడగలేదు.

ఏప్రిల్ 1, మంగళవారం

మధ్యాహ్నం దేవసహాయం ఫోను.

"వదినా, నువ్వు రా. అన్న ఏందేందో మాట్లాడతాండాడు. నన్ను నాయనా అంటాండాడు. ఉలి పట్టుకుని అట్లే నిద్రపోతాండాడు."

నేను అప్పటికే ఫోను చెవి దగ్గర నుంచి తీసి నంబరు చూస్తున్నాను. "నూట ఆరు ఉంది గదా. ఎండ దెబ్బ అయింటాది. మజ్జిగ ఇయ్యి."

"నెంబరు సూడొద్దు వదినా."

"అంటే?"

"నెంబరు సూడొద్దు. నువ్వు రా, అంతే."

నాకు ఒళ్ళు మండింది. "ఇంకో వారం పది రోజులుంది దీక్ష. నేను ఆడికి వచ్చి ఎదురుగా నిలబడితే ఇన్ని రోజుల పని మంటలో పోస్తాడు ఆయన. పోలీసులా వచ్చినావని అంటాడు. నంబరు చూడకుండా ఏం చూడమంటావ్ నన్ను?"

వాడు ఏడుస్తున్నట్టు ఉంది. "నేను చెప్పలేను వదినా," అన్నాడు, పెట్టేశాడు.

నేను వెళ్ళలేదు.

రాత్రి మళ్ళీ రాస్తున్నాను. నూట నాలుగు ఉంది. నూట నాలుగు ఉన్న మనిషికి ఏమీ కాదు. రేపు వెళ్తాను. తడికెల బయటే నిలబడతాను.

ఏప్రిల్ 3, గురువారం

నిన్న రాయలేదు. ఆసుపత్రి వరండాలో కూర్చుని రాస్తున్నాను.

నిన్న పొద్దున బస్సుకు బయల్దేరుతుంటే ఇంటి ముందు ఆటో ఆగింది. దేవసహాయం దిగాడు. లోపల వాడి భార్య సలోమి ఒళ్ళో ఆయన తల ఉంది. కళ్ళు సగం తెరుచుకుని ఉన్నాయి, నన్ను చూడలేదు. నోటి దగ్గర పండిపోయిన పండ్ల వాసన. కాలికి చుట్టిన గుడ్డ కింద నల్లగా ఉంది. ఎక్కడిదాకా నలుపో నేను చూడలేకపోయాను.

దేవసహాయం ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టబోయాడు. చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి. ఎడమ చేతి మీద, భుజానికి కింద, తెల్లటి బిళ్ళ.

నా ఫోను నా చేతిలోనే ఉంది. నూట మూడు.

నేను ఏం చేశానో నాకు సరిగా గుర్తు లేదు. వాణ్ణి కొట్టానని సలోమి చెప్పింది. వాడు కదలకుండా నిలబడ్డాడట.

ఆసుపత్రిలో నర్సు ఆయన వేలు గుచ్చింది. మెషీను అంకె చూపించలేదు, 'హై' అని మాత్రం రాసింది. ఎంత అని అడిగాను. ఆరొందలు దాటితే ఇది లెక్క చెప్పదమ్మా అంది.

సాయంత్రం దేవసహాయం వరండాలో నేల మీద కూర్చుని చెప్పాడు. నేను అడగలేదు.

"మూలవిగ్రహం మీద చెయ్యి పెట్టేవాని ఒంట్లో సూది ఉండగూడదని అన్న డబ్బా విప్పకుండానే నాకిచ్చినాడు వదినా. మొదటి దినమే. ఇన్సులినూ ముట్టలే. నాకు మాత్రలు జాలు, ఈ బిళ్ళ నువ్వు పెట్టుకోరా, ఫోనూ నీ దగ్గరే పెట్టుకో అన్యాడు. మీ వదినె నిద్రపోక శానా దినాలైంది, ఈ నలభై దినాలన్నా నిద్రపోతాదన్యాడు. ఎవురికీ చెప్పనని ఒట్టు పెట్టించుకున్యాడు."

"ఎవరి మీద ఒట్టు? నువ్వు చౌడమ్మకు మొక్కవు గదా!"

"అన్న మీద," అన్నాడు.

శుక్రవారాల ఉపవాసం, ఈస్టరుకు ముందు వాడు పట్టే శ్రమదినాల ఉపవాసం. ఆదివారం మధ్యాహ్నాలు చర్చి నుంచి వచ్చి తిన్న కూర. నేను ఒక నెల రోజులు దేవసహాయం భోజనానికి కాపలా కాశాను. మొలకలు చూసి సంచి మారిందని పట్టుకునే దాన్ని. డాక్టరు అడిగాడు, ఇది ఆయనదేనా అని. ఇంకెవరిది అన్నాను.

నిజం రాస్తాను. ఉగాది నాడే తెలిసింది. తెలిసీ పక్కన పెట్టాను. నాకు ఆ నంబరు కావాలి. ఆయన బాగున్నాడన్న మాట ఎవరో ఒకరు రోజూ నాకు చెబుతూ ఉండాలి.

ఏప్రిల్ 4, శుక్రవారం

పూర్ణిమ వచ్చింది. ముందు నాకు కాఫీ తెచ్చి ఇచ్చింది. తిట్టుంటే బాగుండేది.

రెండు రోజులుగా ఇన్సులిన్, సెలైన్లు ఎక్కిస్తూనే ఉన్నారు. పొద్దున ఆయనకు తెలివొచ్చింది. డాక్టరు నన్నూ పూర్ణిమనూ పక్కకు పిలిచాడు. కాలు మోకాలి పైదాకా తీసేయాలి, విషం రక్తంలోకి ఎక్కుతోంది, ఈ రోజే చేయాలి అన్నాడు. చేసినా చెప్పలేను, చేయకపోతే మాత్రం చెప్పగలను అన్నాడు.

ఆయన విన్నాడు.

"పదో తేదీ దాంకా ఆపండి," అన్నాడు. గొంతు లేదు, పెదాలు చూసి అర్థం చేసుకోవాలి. "కండ్లు తెరిపించినాక ఏమన్నా చేసుకోండి. అవిటివాడు ఉలి పెడితే అమ్మ కండ్లు తెరవదు. ఇంగ జీవితంలో మూలవిగ్రహం ముట్టనీరు నన్ను."

"జీవితముంటే గదా!" అని అరిచాను. నర్సులు తిరిగి చూశారు.

"రామేశ్వరీ," అన్నాడు, కళ్ళు మూసుకునే. ఎప్పుడోగానీ నన్ను పేరు పెట్టి పిలవడు. "సంతకం పెట్టొద్దు. ఇంత పని చేసి మొహం ఖాళీగా వదిలేసి రాలేను."

ఆయన మళ్ళీ మగతలోకి వెళ్ళిపోయాడు. డాక్టరు నిలబడే ఉన్నాడు. పూర్ణిమ నా వైపే చూస్తోంది. ఈసారి ఫోనులో చూసుకోవడానికి ఏమీ లేదు. మంచం మీది కాలే ఉంది. గుడ్డ తీయించి చూశాను, మొత్తం చూశాను.

సంతకం పెట్టాను.

థియేటరు తలుపు దగ్గర స్ట్రెచరు ఆపారు. కళ్ళు తెరిచి నా కోసం వెతికాడు. దీక్ష పట్టాక నా మొహం చూడటం అదే మొదలు. ఏదో అన్నాడు, వంగి చెవి పెట్టాను.

"ఎంతుంది?"

ఫోను తీశాను. వరండా బెంచీ మీద దేవసహాయం కూర్చునే ఉన్నాడు, ఆయన ఫోను వాడి జేబులోనే ఉంది. అంకె వెలిగింది.

"నూట నాలుగు," అన్నాను. "బాగుండాది."

తలూపాడు. ఆ నంబరు ఎవరిదో ఆయనకు తెలుసు, నాకు తెలుసు. లోపలికి తోసుకుపోయారు.

ఏప్రిల్ 5, శనివారం

మధ్యాహ్నం ఆయన పోయాడు. కళ్ళు మళ్ళీ తెరవలేదు.

పూర్ణిమ వాళ్ళ నాయన దగ్గర ఉంది. నేను బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. చేతిలో ఫోను ఎప్పుడు తెరిచానో తెలియదు. నూట పదకొండు, గీత తిన్నగా ఉంది.

దేవసహాయం చేతి మీది బిళ్ళకు అడ్డంగా చెయ్యి పెట్టుకుని నా ముందు నిలబడ్డాడు. "తీసేస్తా వదినా," అన్నాడు.

ఉండనీ అన్నాను.